గజం లెక్కన చూడండి: సైకిల్ స్టాండు, ఎలక్ట్రిక్ కారు పార్కింగ్ రుసుములపై బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరపాలక అధికారులకు, మెట్రో రైలు యాజమాన్యానికి, పురపాలక శాఖ పెద్దలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లలో రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లున్నారు, సైకిళ్లు బాగుచేసేవాళ్లున్నారు, స్టాండ్లు వెల్డింగ్ చేసి నేలలో బిగించేవాళ్లున్నారు. ఎలక్ట్రిక్ కార్లకు పార్కింగ్‌లో రాయితీ ఇవ్వాలన్న మాట వినిపిస్తున్న ఈ వేళ అందరం కలిసి అడుగుతున్నది ఒక్కటే. పార్కింగ్ రుసుమును బండి ఎంత జాగా తీసుకుంది, ఎంతసేపు తీసుకుంది అన్నదాన్ని బట్టి నిర్ణయించండి. అది పెట్రోలుతో నడుస్తుందా, కరెంటుతో నడుస్తుందా అన్నది వేరే లెక్క. ఆ లెక్క పార్కింగ్ చీటీ మీదికి రావలసిన పని లేదు.

మన నగరంలో జాగాను గజాల్లోనే చెప్పుకుంటాం కాబట్టి గజాల్లోనే చూద్దాం. ఒక కారుకు గీసే గడి మామూలుగా 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు. అంటే 12.5 చదరపు మీటర్లు, 15 గజాలు. కారు లోపలికి రావడానికి, తిరగడానికి, బయటికి పోవడానికి కావలసిన తోవ కూడా కలిపితే ఆరుబయట ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు పెట్టుకోవాలని ఢిల్లీ మాస్టర్ ప్లాన్ లెక్క. అది 27 గజాల పైమాట. సైకిల్ పొడవు 1.8 మీటర్లు, హ్యాండిల్ వెడల్పు 60 నుంచి 65 సెంటీమీటర్లు. సరైన స్టాండు ఉంటే రెండు సైకిళ్లకు ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు చాలు. నడిచే తోవతో కలిపినా ఒక్కో సైకిల్‌కు రెండు గజాలు మించదు. ఎంత ఉదారంగా లెక్కగట్టినా కారు జాగాలో పదో వంతు కూడా కాదు. ఆ కారు బ్యాటరీతో నడిచినంత మాత్రాన 27 గజాలు 20 గజాలు కావు.

ఈ మాట మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానమే పట్టణాల్లో నేల విలువైనదని, పార్కింగ్ రుసుము ఆ నేల విలువను చూపేలా ఉండాలని చెప్పింది. పార్కింగ్ జాగా కేటాయించేటప్పుడు ప్రజా రవాణా బండ్లకు, మోటారు లేని బండ్లకు ముందు చోటివ్వాలని కూడా అదే విధానంలో ఉంది. మోటారు లేని బండ్లంటే మన వీధుల్లో ముందు సైకిలే.

ఇప్పుడు పార్కింగ్ దగ్గర జరిగేది చూడండి. చాలాచోట్ల రేట్ల బోర్డు మీద రెండే వరుసలు ఉంటాయి: టూ వీలర్, ఫోర్ వీలర్. సైకిల్‌కూ రెండు చక్రాలే కదా అని దాన్ని 350 సీసీ మోటార్‌సైకిల్ వరుసలో కలిపేస్తారు. చీటీ కొట్టే చేతి మెషిన్‌లో సైకిల్ అనే మీట ఉండదు. బండి నంబరు కొట్టనిదే అది ముందుకు పోదు. సైకిల్‌కు నంబరు ప్లేటు లేదు. అప్పుడు అక్కడి కుర్రాడి ముందు రెండే దారులుంటాయి. ఏవో నాలుగంకెలు కొట్టి టూ వీలర్ చీటీ ఇవ్వాలి, లేదా "సైకిళ్లు పెట్టనివ్వం" అని పంపేయాలి. మొదటి దారిలో ఎక్కువ డబ్బు పోతుంది. చీటీ మీద ఉన్న నంబరు సైకిల్ మీద ఎక్కడా ఉండదు కాబట్టి, సైకిల్ పోతే ఆ చీటీ దేనికీ ఆధారం కాదు. రెండో దారిలో సైకిల్ వెళ్లి కరెంటు స్తంభానికో ఫుట్‌పాత్ రెయిలింగ్‌కో చేరుతుంది. నడిచేవాళ్లకు అడ్డం అవుతుంది, ఆ తప్పు మళ్లీ సైకిల్ మీదికే వస్తుంది. ఆ కుర్రాణ్ని మేము తప్పుపట్టడం లేదు. మెషిన్‌లో ఆ వరుస పెట్టించాల్సింది టెండరు రాసినవాళ్లు.

రోజుకు 20 రూపాయల టూ వీలర్ చీటీ అనుకుందాం. నెలకు 26 పనిదినాలకు 520 రూపాయలు. ఏడాదికి 6,240. గుమాస్తాలు, సెక్యూరిటీ గార్డులు, అపార్ట్‌మెంట్లలో పనిచేసే అక్కలు, పేపరు వేసే పిల్లలు తొక్కే మామూలు సైకిల్ కొత్తది కొన్నా దాదాపు అంతే అవుతుంది. ప్రతి ఏటా సైకిల్ ఖరీదంత డబ్బు దాన్ని నిలబెట్టినందుకే పోతే, ఆ మనిషి ఇక సైకిల్ ఎందుకు తొక్కాలి? "ఈ రోజుల్లో సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారు?" అని సమావేశాల్లో అడుగుతుంటారు. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్లల్లో సైకిల్ ఉంది, కారు ఉన్న ఇళ్లు 4.7 శాతం. ఆ తర్వాత కార్లు పెరిగాయి, నిజమే. కానీ సైకిల్ వాడేవాళ్లు కంటపడేది తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకు, మళ్లీ రాత్రి షిఫ్టు మారే వేళకు. పార్కింగ్ సర్వే పొద్దున పదింటికి మొదలైతే వాళ్లు లెక్కలోకి రారు. సర్వే వేళలు మార్చి చూడండి.

ఇక ఎలక్ట్రిక్ కార్ల సంగతి. వాటి మీద మాకు ఏ పగా లేదు. పొగ తగ్గితే అందరికంటే ముందు ఊపిరి తేలికయ్యేది ఆ పొగ మధ్యలో తొక్కుకుంటూ పోయే మాకే. ఆ మేలుకు రాష్ట్రం ఇప్పటికే మంచి బహుమానం ఇచ్చింది. 2020 ఎలక్ట్రిక్ వాహన విధానంలో పరిమిత సంఖ్యకు ఉన్న రోడ్డు పన్ను మినహాయింపును 2024 నవంబరులో జీవో 41 ద్వారా పరిమితి లేకుండా చేసి, 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. పది లక్షలు దాటిన కారు మీద ఆ పన్ను మిగులు లక్ష రూపాయలకు తక్కువ కాదు. దానికి తోడు పార్కింగ్ కూడా ఉచితం చేయాలి, సగం చేయాలి అన్న కోరిక వినిపిస్తోంది. అక్కడే మేము అడ్డం చెబుతున్నాం.

పొగ రావడం, రాకపోవడం అన్నది బండి కదిలేటప్పటి తేడా. గడిలో ఇంజన్ ఆపి నిలబెట్టాక పెట్రోలు కారూ పొగ వదలదు, కరెంటు కారూ వదలదు. పార్కింగ్‌లో అమ్ముడుపోయే సరుకు నేల ఒక్కటే. మన రోడ్ల మీద ఎక్కువగా కనబడే నెక్సాన్‌నే తీసుకోండి. పెట్రోలుదైనా, ఎలక్ట్రిక్‌దైనా పొడవు 4 మీటర్లకు కొద్ది మిల్లీమీటర్లే తక్కువ, వెడల్పు 1.8 మీటర్లు. ఒళ్లు ఒకటే, కాకపోతే బ్యాటరీ వల్ల ఎలక్ట్రిక్‌దే బరువు ఎక్కువ. బరువు పెరిగితే టైరు అరుగుదల పెరుగుతుంది, ఆ పొడి కూడా గాలిలోకే పోతుంది.

పారిస్ నగరం ఈ విషయాన్ని ఎలా చూసిందో గమనించండి. 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బయటినుంచి వచ్చే బరువైన కార్లకు వీధి పార్కింగ్ రుసుమును మూడింతలు చేసింది. నగరం నడిబొడ్డున గంటకు 18 యూరోలు. పెట్రోలు, డీజిల్ కార్లకు, ఇంజనుతో పాటు చార్జింగ్ పెట్టే బ్యాటరీ కూడా ఉండే ప్లగిన్ హైబ్రిడ్ కార్లకు హద్దు 1.6 టన్నులు. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ బరువును దృష్టిలో పెట్టుకుని 2 టన్నుల దాకా సడలించారు గానీ వాటిని వదిలిపెట్టలేదు. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో అందరికంటే ముందు నడిచిన నార్వే 1999లో వాటికి మునిసిపల్ పార్కింగ్ ఉచితం చేసింది. కార్లు పెరిగి జాగాలు నిండాక, 2017లో ఆ ఉచితాన్ని దేశమంతటికీ ఒకే నియమంగా ఉంచడం మానేసి నగరాల నిర్ణయానికి వదిలేసింది. వాళ్లు ఇచ్చాక వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మనం ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆ తలనొప్పి మనకు లేదు.

కారుకు రాయితీ ఇవ్వాలనే అనుకుంటే కొలతను బట్టి ఇవ్వండి. ఎంజీ కామెట్ వంటి చిన్న ఎలక్ట్రిక్ కారు పొడవు 3 మీటర్ల లోపు, వెడల్పు 1.5 మీటర్లు. చిన్న గడులు విడిగా గీసి వాటికి తక్కువ రుసుము పెడితే న్యాయంగా ఉంటుంది. అదే రాయితీ అంతే కొలతల పెట్రోలు కారుకూ దక్కాలి.

చార్జింగ్ గడుల గురించి ఒక సంగతి తేల్చాలి. కరెంటును యూనిట్ల లెక్కన అమ్ముతారు, జాగాను గంటల లెక్కన. ఈ రెండూ ఒకే బిల్లులో కలిపి "చార్జింగ్ పెట్టుకుంటే పార్కింగ్ ఫ్రీ" అంటే ఏం జరుగుతుందో చెబుతాం. 40 యూనిట్ల బ్యాటరీ 7.2 కిలోవాట్ చార్జర్ మీద ఖాళీ నుంచి నిండడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, 3.3 కిలోవాట్ సాకెట్ మీద పన్నెండు గంటలు దాటుతుంది. పార్కింగ్ ఉచితం అయితే పొద్దున తొమ్మిదికి వచ్చిన కారు, చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోయినా, సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. చార్జింగ్ నిజంగా అవసరమైన రెండో ఎలక్ట్రిక్ కారుకు, ముఖ్యంగా క్యాబ్ నడుపుకునే డ్రైవరుకు, చోటు దొరకదు. 50, 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ దగ్గర ఇంకా చిక్కు. బ్యాటరీ 80 శాతం దాటాక చార్జింగ్ వేగం దానంతట అదే పడిపోతుంది. చివరి 20 శాతానికి పట్టే సమయంలో ఇంకో కారు సగం పైన నింపుకుని పోవచ్చు. అందుకని చార్జింగ్ గడిలో కూడా మామూలు పార్కింగ్ రుసుము తీసుకోండి. చార్జింగ్ పూర్తయిన పది, పదిహేను నిమిషాల తర్వాత కూడా కదలని కారుకు అదనపు రుసుము వేయండి. ఈ నియమం ఎలక్ట్రిక్ కార్లవాళ్లకూ మేలే.

భవనాల విషయంలోనూ ఇదే తూకం కావాలి. కేంద్రం 2019లో ఆదర్శ భవన నిబంధనలు సవరించి, పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి ఎలక్ట్రిక్ చార్జింగ్ ఏర్పాటు ఉండాలని చేర్చింది. ప్లాను మంజూరుకు వచ్చినప్పుడు ఆ 20 శాతాన్ని చూసే అధికారి అదే కాగితంలో సైకిల్ స్టాండు ఎక్కడ గీశారో కూడా చూడాలి. వంద కార్ల గడులున్న భవనంలో మూడు గడులు సైకిళ్లకు వదిలితే 30 సైకిళ్లు పడతాయి.

మాల్స్, మల్టీప్లెక్సుల పార్కింగ్ మీద 2018 మార్చి 20న వచ్చిన జీవో 63 మంచి జీవో. మొదటి అరగంట ఉచితం, గంట లోపు ఏదో ఒక బిల్లు చూపితే ఉచితం, గంట దాటితే పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ బిల్లు గానీ సినిమా టికెట్ గానీ చూపితే ఉచితం. అయితే అది కొనడానికి వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. అదే మాల్‌లో బట్టలు మడతపెట్టే అమ్మాయి, ఫుడ్‌కోర్టులో గిన్నెలు కడిగే అబ్బాయి, హౌస్‌కీపింగ్ చేసే అమ్మ పది గంటలు అక్కడే ఉంటారు, వాళ్ల చేతిలో బిల్లు ఉండదు. ఎలక్ట్రిక్ కారులో వచ్చి 600 రూపాయల బిల్లు చేసినాయన పార్కింగ్‌కు ఒక్క రూపాయి కట్టడు, సైకిల్ మీద వచ్చిన ఉద్యోగి పూర్తి రుసుము కడతాడు. ఆ జీవోకు ఒక్క వాక్యం చేర్చండి: "సైకిళ్లకు, బిల్లుతో సంబంధం లేకుండా, 24 గంటల వరకు రుసుము లేదు."

ఉచితం ఎందుకంటే దానికీ లెక్క ఉంది. కారుకు 30 రూపాయలు తీసుకునే చోట జాగా లెక్కన సైకిల్‌కు వచ్చేది 3 రూపాయలు. ఆ మూడు రూపాయల కోసం చీటీ కాగితం, మెషిన్, చిల్లర, మనిషి సమయం అన్నీ కలిపితే వసూలు ఖర్చే రుసుమును మింగేస్తుంది. రాకపోకల మీద వసూలు చేయడం దండగ. కాపలా కావాలంటే మాత్రం డబ్బు తీసుకోండి, మేము ఇస్తాం. రాత్రంతా మనిషి కాసే స్టాండులో రోజుకు 5 రూపాయలు, నెల పాసు 75 రూపాయలు అన్నది మా సూచన. ఒక్క కారు గడిలో పట్టే పది సైకిళ్ల మీద నెలకు 750 రూపాయలు వస్తాయి. కార్లను కాసే మనిషే వీటినీ కాస్తాడు కాబట్టి కొత్త జీతం ఉండదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే స్టాండు 2019లో పూర్తయింది. అక్కడా మొదటి 24 గంటలు ఉచితం, ఆ పైన రోజుకింత అని కట్టాలి. ఉచితానికి గడువు ఉంటేనే చోటు చేతులు మారుతుంది.

అయితే ఉట్రెక్ట్ చూసి రెండంతస్తుల ర్యాకులు మాత్రం తెప్పించకండి. మన 22 అంగుళాల నల్ల సైకిల్, వెనక ఇనుప క్యారియర్, డబుల్ స్టాండుతో కలిపి 20 కిలోలకు పైనే ఉంటుంది. దాన్ని పై అరలోకి ఎత్తాలంటే మామూలు మనిషి వల్ల కాదు. పాల క్యాన్లు తగిలించిన సైకిల్‌కు అసలే కుదరదు.

స్టాండు ఎలా ఉండాలన్నది కాస్త వివరంగా చెప్పాలి. ఉచితమని బోర్డు పెట్టి పనికిరాని స్టాండు పెడితే రుసుము వసూలు చేసినదానితో సమానం. చాలాచోట్ల ముందు చక్రాన్ని దూర్చే చీలికల ర్యాకు పెడతారు. చవగ్గా వస్తుంది, ఫొటోలో బాగుంటుంది. అందులో సైకిల్ బరువంతా రిమ్ము మీద, పుల్లల మీద పడుతుంది. పక్కవాడు తన సైకిల్ లాగేటప్పుడు మన హ్యాండిల్‌కు తగిలితే చాలు, చక్రం చీలికలోనే ఉండి సైకిల్ పక్కకు ఒరుగుతుంది, రిమ్ము బెండు తిరుగుతుంది. డిస్క్ బ్రేకు ఉన్నదైతే ఆ పళ్లెం కూడా వంగి బ్రేకు రాసుకుంటుంది. ఇంకో ప్రమాదం దొంగతనం. చీలికలో తాళం ముందు చక్రానికే పడుతుంది. చక్రం సులువుగా ఊడే రకమైతే దొంగ చక్రాన్ని అక్కడే వదిలేసి మిగతాది పట్టుకుపోతాడు.

పనికొచ్చేది తలకిందుల 'యు' ఆకారం. 50 మిల్లీమీటర్ల మీడియం జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప గొట్టం), అంటే బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు, గోడ మందం 3.6 మిల్లీమీటర్లు. నేల పైకి 75 సెంటీమీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల పొడవు, నేలలోకి 30 సెంటీమీటర్లు. ఒక్కో స్టాండుకు 2.85 మీటర్ల పైపు పడుతుంది కాబట్టి 6 మీటర్ల పైపులో సరిగ్గా రెండు వస్తాయి. ఇంతకంటే లావు పైపు వాడితే మామూలు చైన్ తాళం చుట్టూ తిరిగి రాదు. మెట్ల రెయిలింగుకు వాడే పలచటి స్టీలు గొట్టం అయితే చూడ్డానికి మెరుస్తుంది, హ్యాక్సా బ్లేడుకు నిమిషంలో తెగుతుంది. ఎత్తులో సగం దగ్గర ఒక అడ్డ కడ్డీ తప్పనిసరిగా ఉండాలి. బారు లేని లేడీస్ సైకిళ్లకు, చిన్న పిల్లల సైకిళ్లకు పై పైపు అందదు, వాటి ఫ్రేమ్‌కు తాళం పడేది ఈ కడ్డీకే. ఒక కారు గడిలో 5 మీటర్ల పొడవునా మీటరుకొకటి చొప్పున అయిదు స్టాండ్లు, అటొకటి ఇటొకటి పది సైకిళ్లు. అయిదింటికి మూడు పైపులు కావాలి. మూడో పైపులో మిగిలిన సగంలో నాలుగు అడ్డ కడ్డీలు వస్తాయి, అయిదోదానికి 70 సెంటీమీటర్ల ముక్క వేరే చూసుకోవాలి.

బిగింపులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఫుట్‌పాత్ మీది పేవర్ ఇటుకల్లో యాంకర్ బోల్టులు దించితే నెల తిరక్కుండా ఊగుతాయి, ఎందుకంటే ఇటుక కింద ఉన్నది ఇసుక. పేవర్లు తీసి, ఒక్కో కాలికి 30 సెంటీమీటర్ల చదరం, 40 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వాలి. పైపు అడుగున 12 మిల్లీమీటర్ల ఊచ ముక్కను అడ్డంగా వెల్డింగ్ చేయాలి, అప్పుడు ఎవరు తిప్పినా కాలు కాంక్రీటులో తిరగదు. పది గుంతలకు ఎం20 కాంక్రీటు వేస్తే సుమారు మూడు బస్తాల సిమెంటు పడుతుంది. ఏడు రోజులు నీళ్లు కొట్టి, అన్ని రోజులూ తాడు కట్టి ఎవరూ సైకిల్ ఆనించకుండా చూడాలి. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింట్ వేయకపోతే రెండో వానాకాలానికే తుప్పు మొదలవుతుంది. కాంక్రీటు పై అంచును పైపు నుంచి బయటికి వాలుగా మెత్తాలి. లేదంటే నీళ్లు నిలిచి, పైపు నేలను తాకే చోటే తినేస్తుంది. ఇప్పటికే గట్టి కాంక్రీటు నేల ఉన్న చోట 8 మిల్లీమీటర్ల పలకతో బోల్టులు వేయవచ్చు, కాకపోతే నట్టు బిగించాక పైన ఒక చుక్క వెల్డింగ్ పెట్టాలి. స్పానరుతో ఊడే స్టాండుకు తాళం వేసి లాభం లేదు.

గోడకు కనీసం రెండడుగులు వదలండి. స్టాండు పొడవు 75 సెంటీమీటర్లే, సైకిల్ 1.8 మీటర్లు. రెండు వైపులా చక్రాలు అరమీటరు పైగా బయటికి ఉంటాయి. ఇది మరచి గోడకు ఆనించి బిగించిన స్టాండ్లు సగం వాడకానికి రాకుండా పోతాయి. వరుస చివర ఒక స్థలం మీటరు వెడల్పుగా వదిలితే పాల క్యాన్ల సైకిల్, వెనక బుట్ట కట్టిన సైకిల్ పడతాయి. పైన రేకు ఉండాలి. ఇది సుఖం కోసం అడగడం లేదు. మే నెల ఎండలో ట్యూబు ప్యాచ్ జిగురు మెత్తబడి ఊడిపోతుంది, సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన మనిషికి పంక్చర్ షాపు దొరకదు.

స్టాండు ఎక్కడుందన్నది కూడా రుసుమంత ముఖ్యం. బేస్‌మెంట్ ర్యాంపు వాలు చాలా భవనాల్లో ఎనిమిదికి ఒకటి. మూడు మీటర్ల లోతుకు 24 మీటర్ల ర్యాంపు. వాన నీళ్లు, కార్ల ఆయిల్ మరకలు కలిసిన ఆ వాలు మీద సన్న టైరు జారుతుంది. పైకి వచ్చేటప్పుడు వెనక కారు హారన్ కొడుతుంటే 20 కిలోల సైకిల్ నెట్టుకు రావాలి. గేటు దగ్గర ఆటోమేటిక్ అడ్డకర్ర కార్లను పసిగట్టేలా అమర్చింది. సైకిల్‌ను అది గుర్తించక తల మీదికి దిగే ప్రమాదం ఉంది. సైకిల్ స్టాండు నేల అంతస్తులోనే, సెక్యూరిటీ గది కంటికి ఆనే చోట, గుమ్మానికి పాతిక మీటర్ల లోపు పెట్టండి. అడ్డకర్ర పక్కన 75 సెంటీమీటర్ల సందు వదిలితే చాలు.

చీటీ మెషిన్ బదులు పాత సినిమా హాళ్ల సైకిల్ స్టాండు పద్ధతే మేలు. మన ఊళ్లలో మోటారు బండ్లు పెట్టే చోటును కూడా ఇప్పటికీ సైకిల్ స్టాండు అనే పిలుస్తారు, ఆ పేరు పుట్టింది ఈ పద్ధతి నడిచిన రోజుల్లోనే. ఒకే నంబరు ఉన్న రెండు బిళ్లలు. ఒకటి హ్యాండిల్‌కు తగిలిస్తారు, రెండోది మనిషికి ఇస్తారు. పోయేటప్పుడు రెండూ కలవాలి. బిళ్ల పోతే జరిమానా కంటే ముందు ఋజువు అడగాలి: తాళంచెవి ఆ తాళానికి పడుతుందా, ఫ్రేమ్ నంబరు చెప్పగలడా. ఆ నంబరు పెడల్ ఇరుసు కింద గానీ సీటు గొట్టం మీద గానీ చెక్కి ఉంటుంది. నెల పాసు ఇచ్చేటప్పుడే దాన్ని రాసుకుంటే దొంగతనం కేసుల్లో పోలీసులకూ పనికొస్తుంది.

వదిలేసిన సైకిళ్ల సమస్య నిజమైనదే, దాన్ని మేము దాచం. గాలి పోయి, చైను తుప్పుపట్టి, దుమ్ము పేరుకున్న సైకిళ్లు నాలుగైదు చేరితే పది సైకిళ్ల స్టాండు సగానికి పడిపోతుంది. కదలని సైకిల్‌కు తేదీ రాసిన కాగితం కట్టండి. 15 రోజుల్లో ఎవరూ తీయకపోతే తాళం కోసి గోదాముకు పంపండి, ఇంకో 60 రోజులు ఉంచి, అప్పుడూ రాకపోతే వేలం వేయండి. తాళం కోసేముందు ఫొటో, ఫ్రేమ్ నంబరు రిజిస్టరులో ఎక్కించాలి. ఊరికి పోయి నెల తర్వాత వచ్చిన వలస కూలీకి తన బండి ఎక్కడుందో అది చూసే చెప్పగలగాలి.

బ్యాటరీ సైకిళ్లను ఏ వరుసలో వేయాలన్న సందేహం వస్తుంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెడల్ ఉండి ఈ హద్దుల్లో ఉన్నది సైకిలే, దానికి సైకిల్ నియమమే. దాని బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ గంటలు అనుకుంటే నిండడానికి మూడో వంతు యూనిట్ కంటే కాస్త ఎక్కువ కరెంటు చాలు. ఒక ఎలక్ట్రిక్ కారు 40 యూనిట్లు నింపుకునే కరెంటుతో నూటికి పైగా బ్యాటరీ సైకిళ్లు నిండుతాయి. స్టాండు దగ్గర నాలుగు మామూలు 6 ఆంపియర్ సాకెట్లు, వాటికి లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే సరిపోతుంది. సాకెట్లు గాలి ఆడే చోట, రేకు కింద ఉండాలి. మూసిన గదిలో, మెట్ల కింద వద్దు. నాసిరకం చార్జర్లతో మంటలు లేచేది అలాంటి చోట్లే, లేచాక మనుషులు దిగే దారి కూడా అదే అవుతుంది.

మొదట మెట్రో స్టేషన్లతో మొదలుపెట్టండి. 69 కిలోమీటర్లలో 57 స్టేషన్లున్నాయి. పావుగంటలో మనిషి నడిచి చేరేది కిలోమీటరు చిల్లర, సైకిల్ మీద మూడు కిలోమీటర్లకు తక్కువ కాదు. దూరం మూడింతలైతే స్టేషనుకు అందే ప్రాంతం తొమ్మిదింతలు అవుతుంది. స్టేషనుకు రెండు కారు గడుల చొప్పున తీస్తే 114 గడులు, 1,140 సైకిళ్లు. ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ బాగుంది, అక్కడికి చాలామంది కారుకు సైకిల్ తగిలించుకుని వెళ్తారు. అది ఆదివారం సైకిల్. సోమవారం సైకిల్‌కు కావలసింది స్టేషను మెట్ల పక్కన ముప్పై గజాల జాగా.

మూడు నెలలు నడిపి చూడండి. రోజుకు నాలుగుసార్లు, పొద్దున 6, 11, సాయంత్రం 5, రాత్రి 10కి, ఎన్ని సైకిళ్లున్నాయో లెక్క రాయించండి. రాత్రి 10 లెక్క వదలొద్దు, షిఫ్టువాళ్లు తేలేది అందులోనే. పక్కన ఉన్న కారు గడుల్లో అదే వేళలకు ఎన్ని కార్లున్నాయో కూడా రాయించండి. సగటున నాలుగు సైకిళ్లు కూడా నిలవని స్టేషనులో ఒక గడిని తిరిగి కార్లకు ఇచ్చేయండి, మాకు అభ్యంతరం లేదు. నిండిన చోట మూడో గడి ఇవ్వండి.

మీరు స్టేషన్ల పేర్లు, గడుల నంబర్లు ఖరారు చేసి చెబితే, తవ్వకానికి ముందు రోజు మేమే టేపు, సుద్ద తీసుకుని వచ్చి గుంతల గుర్తులు పెట్టి ఇస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో సైకిళ్లు తొక్కేవాళ్లు, బాగుచేసేవాళ్లు, స్టాండ్లు కట్టేవాళ్లు